ఆకులేసిన పుల్ల

"మేడమ్, ఫెన్స్ లోపలికి రాకూడదండీ," అంది నమ్రత ఇంగ్లీషులో, వీలైనంత మెత్తగా.

ముసలావిడ వింటేగా! నెరిసిన జడ, బేస్‌బాల్ టోపీ. చేతికర్రతో నేలను పొడుచుకుంటూ వెళ్ళి, నేలలో నీళ్ళున్నచోటే చిగురించే విల్లో చెట్టు పుల్ల ఒకటి తెచ్చి గుచ్చింది. అప్పటికది ఐదోది.

"రోజూ గిదే పని," సైట్ ఇంజనీర్ జితేందర్ తల పట్టుకున్నాడు. "సేఫ్టీవాళ్ళు చూసిండ్రంటే నా జాబ్ పోతది."

అమెరికాలోని ఈ బెంటన్‌విల్‌లో తెలుగువాళ్ళంటే సాఫ్ట్‌వేరే. జితేందర్ కాకుండా నమ్రత ఒక్కతే బూట్లకు బురద అంటించుకునే రకం. ఆర్కిటెక్ట్. ఊరి కొత్త లైబ్రరీని ఏసీ లేకుండా, నేలకింది ఊటనీళ్ళతోనే చల్లబరచాలని ఆమె పంతం. ఊట లేదంటే ఆ డిజైన్ చెత్తబుట్టకే.

ఊట జాడ ఆమెకు ఓ పాత మ్యాప్‌లో దొరికింది. ఒకప్పుడు ఇక్కడ బతికి, తరిమేస్తే పక్క రాష్ట్రం ఒక్లహోమా చేరిన ఆదివాసీ తెగలో ఎవరో, యాభై ఏళ్ళ కిందట కాలినడకన తిరిగి గీసిన మ్యాప్. ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో కూడా రాసి ఉంది. పేరు మాత్రం లేదు. మూలన ఓ చిన్న తాబేలు బొమ్మ, అంతే.

ఆ మనిషి కోసం నమ్రత రెండేళ్ళుగా వెతుకుతోంది. ఎన్ని ఈమెయిళ్ళు, ఎన్ని ఫోన్లు! ఒక్కపూట పక్కన కూర్చుని నేర్చుకుంటే చాలనుకునేది. ఆ తాబేలు మీద వేలు పెట్టి "ఎక్కడున్నారండీ?" అని అడిగేది కూడా, పిచ్చిపిల్ల.

ముసలావిడకు కాఫీ ఇచ్చి, మ్యాప్ కాపీ చూపించింది.

"మీరు శ్రమపడక్కర్లేదండీ. ఊట ఇదిగో, ఇక్కడుంది."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"అప్పుడుండేది. రోడ్డు వేశాక పక్కకు పోయింది."

"అంటే ఈ మ్యాప్ తప్పా?"

"తప్పే."

నమ్రతకు చుర్రుమంది.

"ఇది గీసినవాళ్ళకు ఇక్కడి ప్రతి నీటిచుక్కా తెలుసు. మీకంటే బాగా తెలుసు!"

"అంత నమ్మకమా?"

"దేవుడి మీదున్నంత."

ముసలావిడ మ్యాప్ మడిచి తిరిగిచ్చింది. నవ్వి, ఖాళీ కప్పు చేతికిచ్చి వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు. జితేందర్ పుల్లలు పీకించేశాడు.

మే నెలలో మ్యాప్‌లో ఉన్నచోట ఇరవై అడుగులు తవ్వారు. పొడిమట్టి.

"అయిపాయె మేడమ్. ఇగ ఏసీలే పెట్టుకోవాలె."

నమ్రతకు ఏడుపొచ్చింది. ఎవరికీ కనబడకుండా ఫెన్స్ చివరిదాకా నడిచింది. అక్కడ, పీకడం మరిచిన పుల్ల ఒకటి పచ్చగా ఆకులేసి ఉంది.

అక్కడ తవ్వితే ఆరడుగులకే నీళ్ళు చిమ్మాయి!

జితేందర్ ఈల వేశాడు. నమ్రత మాత్రం ఫెన్స్ అవతల రోడ్డు వైపు చూసింది. ఆవిడకు సారీ చెప్పాలి. ఎక్కడని వెతకడం? పేరైనా అడిగిందా?

ఆ వారమే సైట్ ఆఫీస్‌కి ఒక్లహోమా నుంచి కవరొచ్చింది. మీద "కాఫీ ఇచ్చిన అమ్మాయికి" అని రాసి ఉంది.

లోపల ఎవరో మనవరాలు రాసిన రెండే లైన్లు: "అమ్మమ్మ పోయిన నెల కన్నుమూసింది. ఇది మీకు పంపమంది."

మడత విప్పింది. పెన్సిల్‌తో కొత్తగా గీసిన మ్యాప్. ఊట గుర్తు సరిగ్గా ఆ ఆకులేసిన పుల్ల దగ్గరుంది.

మూలన, వణికిన గీతల్లో, అదే చిన్న తాబేలు.