ముందుకు జరిగిన సీసా

తొమ్మిదో చోట ఉండాల్సిన రాచయ్య సీసా వరుసలో మొదటికి వచ్చింది.

"ఎవరు జరిపిన్రు దీన్ని?" అరిచాడు అటెండరు పీరప్ప.

అందరూ అరుగు చివర నిలబడ్డ ముసలామెను చూపించారు.

చిమ్కోడ్ దాటాక వచ్చే చిన్న ఊరు అది. మందు పోయించుకోవడానికి తెచ్చిన ఖాళీ సీసాలను జనం తెల్లారగానే దవాఖాన అరుగు మీద వరుసగా పెట్టి, గోడ వారన కూర్చుంటారు. సీసా ఎక్కడుంటే మనిషి వంతు అక్కడ.

మైసూరు రాష్ట్రం కర్ణాటక అయి రెండు నెలలు దాటినా బోర్డు మీద ఇంకా పాత పేరే ఉంది. డాక్టరు వారానికొకసారి, మంగళవారం మధ్యాహ్నం వస్తాడు. మిగతా వేళల్లో అన్నీ నర్సు జయమాలే. ఎవరికి గోలీలిచ్చి ఇంటికి పంపాలో, ఎవరిని బీదర్ పెద్దాసుపత్రికి పంపాలో ఆమే తేల్చాలి. పంపితే పదిన్నర బస్సుకే పంపాలి. అది పోయిందంటే మళ్లీ సాయంత్రం దాకా బస్సు లేదు. ఇరవై మూడేళ్ల పిల్లకు అదేం చిన్న బరువు కాదు.

"ఎవరామె?" అడిగింది జయమాల.

"ఏమో సిస్టరమ్మా. భాల్కి దిక్కుకెల్లి వచ్చిందట. ఊరి బయట ఏసప్ప ఇంట్ల ఉంటది. పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. దిమాగ్ గూడ ఖరాబైనట్టున్నది."

"సీసా దాని జాగల పెట్టు. వరుసంటే వరుసే."

పీరప్ప కట్టెతో సీసాను వెనక్కి నెట్టాడు. ఆమె ముట్టినదాన్ని చేత్తో తాకడం అతనికి ఇష్టం లేదు.

రాచయ్య వంతు వచ్చేసరికి పదకొండయింది. భుజం గుంజుతోందని వచ్చిన మనిషి చెమటతో తడిసి ముద్దయ్యాడు. జయమాల నాడి పట్టుకుని బస్సు దారి వైపు చూసింది. బస్సు వెళ్లిపోయింది.

రాచయ్య దవాఖాన బల్ల మీదే కన్నుమూశాడు.

మరుసటి వారం ముసలామె, గోడ వారన కూర్చున్న పోశమ్మ ముందు ఆగింది. పోశమ్మకు ఎనిమిదో నెల. తలనొప్పికి మందు కావాలని అత్త సక్కుబాయితో కలిసి వచ్చింది.

ముసలామె వంగి ఆ పిల్ల కళ్లలోకి చూసింది. ముక్కు దగ్గర ముక్కు పెట్టి ఊపిరి వాసన చూసింది. పాదం మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా అక్కడ గుంట అలాగే ఉండిపోయింది.

అప్పుడు లేచి, పోశమ్మ సీసాను మొదటికి జరిపింది.

"వామ్మో, నా కోడలికి సావు ముద్ర ఏసిందే!" కేక పెట్టింది సక్కుబాయి. పరుగున వెళ్లి సీసాను తానే అందరికంటే వెనక పెట్టింది.

బస్సు పోయిన అరగంటకు పోశమ్మకు ఫిట్స్ మొదలయ్యాయి. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

ఆ తర్వాత ఎవరూ సీసా వదిలి కూర్చోలేదు. ముసలామె కనిపిస్తే తల్లులు పిల్లల ముఖాలు కొంగులో దాచేవారు. జయమాల చదువుకున్న పిల్లే. అయినా కిటికీలోంచి ఆ కళ్లు ఇటు తిరిగితే ఆమెకూ ఒళ్లు జలదరించేది. ఈ రోజు ఎవరి మీద వాలతాయో ఆ కళ్లు!

"ఆమె వస్తే మేము రాము సిస్టరమ్మా," అన్నారు ఊరివాళ్లు.

జయమాల బయటికి వచ్చి చేతులు జోడించింది. "రేపటి సంది ఇటు రాకు అవ్వా. నీకు దండం పెడత."

ముసలామె పెదవులు కదిలాయి. మాట రాలేదు. చెయ్యెత్తి బస్సు వచ్చే దారిని చూపించింది. జయమాల భయపడి రెండడుగులు వెనక్కి వేసింది.

పది రోజులు ఆమె జాడ లేదు. జయమాల మంచి జరిగిందనుకుంది.

పదకొండో రోజు మంగళవారం. తొమ్మిది గంటలకు ముసలామె గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. ఈసారి ఎవరి వంకా చూడలేదు. కొంగు కింది నుంచి ఒక సీసా తీసి వరుసలో అన్నిటికంటే ముందు పెట్టింది.

"అరే, ఈమె గూడ సీసా తెచ్చుకున్నది!" ఎవరో నవ్వారు.

పీరప్ప కట్టె తీసుకుని ఆ సీసాను చివరికి నెట్టాడు. ముసలామె అతన్ని చూసింది, సీసాను చూసింది. పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. కుడిచేతి వేళ్లతో తన ఎడమ మణికట్టును తానే పట్టుకుంది.

జయమాల కిటికీలోంచి చూసి ఊపిరి పీల్చుకుంది. ఎవరి సీసానూ ముట్టలేదు కదా, చాలు.

పదిన్నర బస్సు వచ్చింది, పోయింది.

పన్నెండు దాటాక చివరి సీసా మిగిలింది. "రా అవ్వా," అని పిలిచింది జయమాల. పలుకు లేదు. బయటికి వెళ్లి చూస్తే ముసలామె అలాగే కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. వేళ్లు ఇంకా మణికట్టు మీదే ఉన్నాయి. రెండు చేతులూ చల్లగా ఉన్నాయి.

ఒంటిగంటకు డాక్టర్ విఠల్‌రావు జీపు దిగాడు. కప్పిన గుడ్డ తొలగించి ముఖం చూడగానే చెప్పులు విడిచి నేల మీద కూర్చుండిపోయాడు.

"మీకు ఎరుకేనా సార్?" అడిగింది జయమాల.

ఆయన మణికట్టు మీది ఆ వేళ్లను చూశాడు. "ఎన్నో వంతుకు పిలిచినవ్ ఈమెను?"

జయమాల అరుగు చివర మిగిలిన సీసా వైపు చూసింది. "ఆఖరుకు సార్."

విఠల్‌రావు ఆ తెరిచి ఉన్న కళ్లను తన చేత్తో మూశాడు.

"ఈమె హేబ్సిబా సిస్టర్, అమ్మా. ముప్పై ఏండ్లు మిషన్ దవాఖానల ఎవరిని ముందుగాల చూడాల్నో మా డాక్టర్లకు చెప్పింది ఈమెనే, ఈమె ముందుకు తెచ్చినోళ్లల్ల ఒక్కరు గూడ సచ్చింది నేను చూడలే."