టార్చి వేసి చూస్తారంతే

“పిల్లకి చెప్పేసి చేద్దామండి,” అంది నర్సు డైసీ, తలుపవతల నిలబడి. “టాన్సిల్ పక్కన చీముగడ్డ. సూదితో లాగెయ్యాలి.”

“సెప్తే నోరు తెరవదు. నాకొగ్గీండి,” అంది రజని.

లోపల ఎనిమిదేళ్ల అమ్ము రుమాల్లోకి ఉమ్ముకుంటోంది. మూడు రోజులుగా గుటక పడదు, మాట పెగలదు. రిసాలి నుంచి ఆటోలో వచ్చినంతసేపూ అమ్మ చెయ్యి వదల్లేదు.

రజని కూతురి నెత్తిన చెయ్యి పెట్టింది. “డాక్టరు టార్చి ఏసి సూత్తారంతే. ఏటీ సెయ్యరు. నీ మీదొట్టు.”

అమ్ము అమ్మ కళ్లలోకి చూసింది. బిగుసుకున్న దవడలు సలుపుతున్నా, నోరు తెరవగలిగినంతా తెరిచింది. అంతే, రజని కూతురి చేతులు రెండూ ఒడిసిపట్టి పక్కనే ఉన్న డాక్టరుకి సైగ చేసింది.

నిమిషంలో అయిపోయింది. సిరంజి నిండా చీము వచ్చింది. అమ్ము పుక్కిలించి, గ్లాసుడు నీళ్లూ తాగేసింది.

“సూసావా, ఎంత హాయిగుందో,” అంటూ రజని తల నిమరబోయింది.

అమ్ము తల పక్కకి తీసుకుంది. మూడు రోజుల తర్వాత ఆ గొంతు స్పష్టంగా పలికింది, నర్సుతో.

“దీదీ, సూదని సెప్పినా నోరు తెరిచీదాన్నే. నా మీద ఒట్టెందుకేసింది?”