ఒంటిగంట పిట్టలు

ఆ పొద్దున వాన వెలిసినా ఆకాశం తెరిపి ఇవ్వలేదు. ఖటోదరా మరమగ్గాల పేటలో రేకుల షెడ్ల మీదికి మబ్బు నీళ్ళ బరువుతో దిగివచ్చింది. లోపల ఉమాకాంత్ ఆఖరి మరమగ్గానికి తెర బిగించి, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు.

తెర అంటే అరచేతంత స్క్రీను. అందులో ఒక పచ్చని పిట్ట. మగ్గం నడుస్తుంటే ఎగురుతుంది. పోగు తెగితే కొమ్మ మీద వాలి ముక్కుతో అద్దాన్ని పొడుస్తుంది. మగ్గం ఆపితే రెక్కలో తల దూర్చి నిద్రపోతుంది.

"గిదేంది అల్లుడా, సాంచాలకు బొమ్మలాటనా?" తన మరమగ్గాలను చూపిస్తూ నేతకార్మికుడు బ్రహ్మచారి కేకేశాడు. మగ్గాల చప్పుడులో కేక వేయకపోతే ఏదీ వినపడదు.

"పోగు తెగి ఎర్రలైటు బుగ్గ వెలిగితె మీరు చూస్తలేరట గద మామా. పిట్టనైతె చూస్తరని."

"మరి దానికి గింజలు ఎవలెయ్యాలె? శేఠా?"

అందరూ నవ్వారు. పక్క వరుసలో మగ్గాలు చూసుకుంటున్న దశరథం మాత్రం నవ్వలేదు. ఉమాకాంత్ అతని కొడుకు. షెడ్డు యజమాని శేఠ్ ఈ పిట్టలకు ఆర్డర్ ఇస్తే, ఈ తెరలు చేసే కంపెనీలో ఉమాకాంత్ నౌకరీ పక్కా. ఇవ్వకపోతే నెలాఖరుతో సరి. షెడ్డులో ఆ సంగతి దశరథం ఒక్కడికే తెలుసు.

కాసేపటికే పిట్టలు పని మొదలుపెట్టాయి. ఎవరి పిట్టయినా వాలిందంటే పక్కవాళ్ళు ఈలలు వేస్తున్నారు. ఆ పౌరుషానికి ఒక్కొక్కరు పరుగెత్తి పోగు ముడి వేస్తున్నారు. శేఠ్ వచ్చి నేసిన బట్టను వెలుతురుకు పెట్టి చూశాడు. ఎప్పటికంటే లోపాలు తక్కువ. "బహుత్ అచ్ఛా" అని ఉమాకాంత్ భుజం తట్టి ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయాడు.

ఒంటిగంట అయింది.

ఆ షెడ్డులో తిండికని మగ్గం ఆపే అలవాటు లేదు. కూలి మీటరు లెక్క. డబ్బా మూత తీసి పక్కన పెట్టుకుంటారు. ఒక ముద్ద తిని మగ్గాల చుట్టూ ఒకసారి తిరుగుతారు. వచ్చి ఇంకో ముద్ద. దశరథం పగటిపూట ఒక్కచోట కూర్చుని తినగా ఉమాకాంత్ ఎన్నడూ చూడలేదు.

బ్రహ్మచారి డబ్బా తీశాడు. ముద్ద కలిపిన చెయ్యి నోటిదాకా పోయి ఆగింది.

"అల్లుడా! జర ఇటు రా!"

మగ్గాలు నడుస్తూనే ఉన్నాయి. పిట్టలు మాత్రం ఎగరడం మానేశాయి. కొమ్మల మీద బుద్ధిగా కూర్చుని, నోళ్ళు తెరిచి, మనుషుల వైపే చూస్తున్నాయి.

"పోగు తెగలే, ఏం తెగలే. నోళ్ళెందుకు తెరిసినయి?"

"ఏమో మామా. చూస్త."

"నువ్వు చూసుడు కాదు, అవి నన్ను చూస్తున్నయి. ఇన్ని నోళ్ళు ఎదురుంగ తెరుసుకోని కూసుంటె నాకు బువ్వ దిగుతదా? దిష్టి కొడతది. కడుపునొస్తె నువ్వొస్తవా?"

"బొమ్మ గద మామా."

"బొమ్మకు కండ్లు వెట్టినవు గద!"

బ్రహ్మచారి ఒక మగ్గం ఆపాడు. పిట్ట నోరు మూసి, రెక్కలో తల దూర్చింది. రెండోది ఆపాడు. అవతలివాళ్ళు అది చూసి తామూ ఆపారు. వరుస వెంట వరుస చప్పుడు సన్నగిల్లింది. దశరథం మగ్గాలు మాత్రమే టకటకమంటున్నాయి. అతను పిట్టల వైపు చూడకుండా, తెరిచిన డబ్బాకు మళ్ళీ మూత పెట్టేశాడు.

"బాపూ, నువ్వు తినవా?"

"నేను గూడ ఆపితె నీ పని ఖరాబైతది. నడువనీ."

చప్పుడు తగ్గడం విని శేఠ్ ఉరికివచ్చాడు. ఎవరికైనా చెయ్యి నలిగిందేమోనని అతని భయం. సంగతి తెలిశాక ముఖం ఎర్రబడింది. హిందీలో అరిచాడు.

"వీటికి ఆకలి ఎవడు నేర్పాడు?"

"ప్రోగ్రాంలో ఎక్కడో తప్పు పడింది శేఠ్."

"రేపటికల్లా ఆ నోళ్ళు మూయించు. ఆర్డర్ నీదే. లేదా అన్నీ విప్పుకుని పో."

సాయంత్రం నవాగామ్‌లో తామిద్దరూ ఉండే గది గడప మీద కూర్చుని ఉమాకాంత్ లాప్‌టాప్ ముందేసుకున్నాడు. దశరథం రెండుసార్లు వచ్చి వెనక నిలబడ్డాడు.

"దొరికిందా బిడ్డా?"

"దేవులాడుతున్న బాపూ."

"దొరుకుతది తియ్యి. ఎగిరే పిట్టను చేసినోనివి, దాని నోరు మూయవశం కాదా?"

మర్నాడు ఒంటిగంట వేళకు శేఠ్ స్వయంగా వచ్చి షెడ్డు మధ్యలో నిలబడ్డాడు. ఎవరూ డబ్బా ముట్టుకోలేదు. బ్రహ్మచారి కూడా గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తెర వైపే చూస్తున్నాడు. పిట్టలు ఎగురుతున్నాయి. ఇంకా ఎగురుతున్నాయి.

మొదట దశరథం మగ్గం మీది పిట్ట వాలింది. నోరు తెరిచింది. దాని వెంట అన్నీ.

శేఠ్ ఈసారి అరవలేదు. "సాయంత్రం విప్పెయ్" అని ఒక్కమాట అని వెళ్ళిపోయాడు.

బ్రహ్మచారి దగ్గరికి వచ్చాడు. "మేమే ఓర్సుకొని తింటె అయిపోతుండె అల్లుడా. నీ నోటికాడి బుక్క మేమే గుంజినం."

"మీదేముంది మామా."

దశరథం కొడుకు ముఖంలోకి చూశాడు. "ఒక్క తప్పు దొరకలేదా బిడ్డా?"

"దొరకలే బాపూ."

ఇక కాపాడుకోవలసింది ఏదీ లేదు. దశరథం వరుసగా నడిచి తన మగ్గాలు ఒక్కొక్కటే ఆపాడు. వెనకే మిగతావాళ్ళూ ఆపారు. రేకుల మీద మళ్ళీ మొదలైన చినుకులు వినిపించాయి.

దశరథం చేతులు కడుక్కుని వచ్చి నేల మీద గోనెసంచి పరిచాడు. డబ్బా మూతలోకి కొడుకు కోసం అన్నం, పుంటికూర పెట్టి ముందుకు జరిపాడు. "కూసో" అన్నాడు.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. దశరథం లేవకుండా, అటూ ఇటూ చూడకుండా, నెమ్మదిగా నమిలి తిన్నాడు.

ఒంటిగంటకు ఆ నోళ్ళు తెరిపించింది ఉమాకాంతే, కావాలని.