ఇంట్లో అడిగి చెప్తాను

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ తెలుగు సంఘానికి శాశ్వత కోశాధికారి, జైలు ఖైదీలకు ఆస్థాన ఆప్తబంధువు అయిన అకౌంటెంట్ రెజినాల్డ్ గారు, 2006 జూలైలో, అక్కడి శీతాకాలపు చలిలో, తమ హాలులో సోఫాకూ కిటికీకీ మధ్య దండయాత్ర సాగిస్తున్నారు.

“కూర్చోండి, నాకు తల తిరుగుతోంది,” అంది అప్పుడే నర్సు డ్యూటీ నుంచి వచ్చిన భార్య విక్టోరియా.

“జైల్లో గ్రెగ్ లేడూ, అతన్ని విడుదల చేస్తారట. ఉండడానికి ఒక అడ్రస్ చూపించాలట. మనింట్లో ఉండొచ్చా అని అడిగాడు.”

“ఏమన్నారు?”

“ఇంట్లో అడిగి చెప్తానన్నా. మనవాళ్లయితే కుదరదని అర్థం చేసుకునేవాళ్లు. ఆ కివీ నిజంగానే అడుగుతాననుకుని, నీకు థాంక్స్ కూడా చెప్పమన్నాడు!”

విక్టోరియా నవ్వింది. “ఇన్నేళ్లూ శనివారాలు జైలుకిచ్చారు, ఆదివారాలు సంఘానికిచ్చారు. ఒక్కసారైనా నన్నడిగారా?”

“సేవకు అడగడమేంటి?”

“మరి ఈసారెందుకు? నేను వద్దంటాననేగా?”

దండయాత్ర ఆగిపోయింది. ఆ మహానుభావుడి ఔదార్యం ప్రతివారం ఖైదీల దగ్గరికి వెళ్లి, వేళ ముగియగానే ఒంటరిగా, క్షేమంగా ఇల్లు చేరేది. దాని వెంట ఏనాడూ ఎవరూ గడప దాకా రాలేదన్న సంగతి ఆయనకు ఇప్పుడే తట్టింది.

“నేను వద్దనను,” అందామె. “అనాలంటే మీరే అనండి.”

ఆయన సోఫాలో కూలబడ్డారు.

“భయంగా ఉంది, విక్కీ.”

“నాకూ ఉంది. ముందు ఆ చిన్న గదిలో హీటర్ బాగు చేయించండి. జైలే నయమంటాడు, పాపం.”