ఉప్పు కాఫీ

రమీజ్ తన కొట్లో కాఫీ గిన్నెలో చెంచాడు ఉప్పేసి తిప్పాడు.

“పాపం, పెద్దాయనరా,” అన్నాడు స్నేహితుడు అవ్దో.

“ఆ రోజు గేటు మూసింది వీళ్ల సైన్యమేగా. నాలిక్కైనా కాస్త గుర్తుండనీ.”

బయట బల్ల దగ్గర తల నెరిసిన దొర, ద్రీనా నది ఒడ్డునున్న పాత రంపపు మిల్లుకేసి చూస్తూ కూర్చున్నాడు.

యుద్ధంలో విదేశీ శాంతి సైన్యం మకాం ఆ మిల్లులోనే. మనిషన్నవాడికల్లా బతికే హక్కుందని గేటుకి బోర్డు. దాని కిందే గొలుసు, తాళం.

ఊరు శత్రువుల చేతికి చిక్కిన రోజు జనమంతా ఆ గేటు మీద పడ్డారు. ఎవరినీ రానివ్వొద్దని పైనుంచి ఆర్డరట.

కాపలా కుర్రాడొకడు మాత్రం గొలుసు తీశాడు. మిగతావాళ్లొచ్చి మళ్లీ బిగించేలోపు ఏడుగురు లోపలపడ్డారు. అందులో అయిదేళ్ల రమీజ్, వాళ్లమ్మ షుహ్రా.

బయటే ఉండిపోయిన ఎనిమిదోవాడు రమీజ్ నాన్న.

దొర ఒక గుక్క తాగాడు. ఆగాడు. కప్పులోకి చూశాడు.

లోపల రమీజ్, అవ్దో నవ్వాపుకోలేక ఒకరినొకరు గిల్లుకున్నారు.

దొర చివరి చుక్కదాకా తాగాడు. రమీజ్‌కి తల వంచి వెళ్లిపోయాడు.

“ఈడికి నాలికే లేదురా,” అన్నాడు రమీజ్.

పై ఏడు జులైలో, ఊరు చిక్కిన రోజుకి, దొర మళ్లీ వచ్చాడు. అదే బల్ల. అదే ఉప్పు.

“ఆర్డరు పైనుంచంటారే, ఎంత పైనుంచి దొరా? అల్లాకన్నా పైనుంచా?” అడిగాడు రమీజ్.

“తెలీదు బాబూ. ఫోన్లో గొంతొక్కటే విన్నాం.”

“మరి ఎంతమందిని కాపాడారేంటి?”

“చాలా తక్కువమందిని.”

కొట్టు పైన మేడ మీద షుహ్రాకి కాళ్లు పడిపోయి ఆరేళ్లు. చచ్చేలోపు గొలుసు తీసిన ఆ కుర్రాడిని ఒక్కసారి చూడాలని ఆవిడ కోరిక.

“ఆ సైన్యంవాళ్లెవరన్నా వచ్చారా నాన్నా?” అని ఏటా అడిగేది.

“ఒకడొస్తాడమ్మా. నువ్వనే మనిషి కాదులే.”

“నీకెలా తెలుసు?”

“ప్రాణాలు కాపాడినోడు తలెందుకు దించుకు కూర్చుంటాడే?”

అయిదో ఏడు ఆ బల్ల దగ్గర పాతికేళ్లామె కూర్చుంది.

“మా నాన్న చలికాలంలో పోయారు. మీ దగ్గర ఒక కాఫీ తాగి రమ్మన్నారు,” అంది. “ఉప్పేసిందే ఇవ్వాలట.”

రమీజ్ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. ఈసారి ఉప్పు చిటికెడే వేశాడు.

ఆమె తాగి వెళ్లాక మేడెక్కాడు.

“అమ్మా, ఓ వెధవ పని చేశానే.”

నాలుగేళ్ల సంగతీ చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

“ఉప్పేసిస్తే ఏమీ అన్లేదా?”

“ఒక్క మాట అన్లేదు. చివరి చుక్కదాకా తాగి తల వంచేవాడు.”

షుహ్రా కిటికీలోంచి మిల్లుకేసి చూసింది.

“శత్రువులు ఊరిని చుట్టుముట్టినప్పుడు ఉప్పంటే బంగారంరా రమీజ్,” అంది. “ఆ రోజు గేటు బయట పుల్లల మంట మీద, గింజల్లేక, వేయించిన బార్లీతో కాఫీ కాచాను. తలగుడ్డ ముడిలో దాచుకున్న ఆఖరి చిటికెడు ఉప్పూ అందులో వేసి, ఊచల్లోంచి ఆ కాపలా కుర్రాడికి అందించాను.”

షుహ్రా కిటికీ ఊచ పట్టుకుంది.

“చివరి చుక్కదాకా తాగి, అచ్చం అలాగే తల వంచి, గొలుసు తీశాడు.”