నత్త తీర్పు

పెద్దపల్లి దగ్గరి ఒక ఊళ్లో పోలీసు పటేలు దశరథం పాన్‌దాన్ పోయింది. అచ్చమైన వెండి అని వచ్చినవాళ్లందరికీ చూపించుకునే ఆకువక్కల పెట్టె అది. దొంగ జీతగాడు రాయమల్లేనని పటేలు ఆ పూటే తేల్చేశాడు. సాక్ష్యం ఒక్కటే తక్కువైంది.

"నీ బాంచెన్ పటేలా, నాకు తెల్వదు," అని రాయమల్లు కాళ్ల మీద పడ్డాడు. పెళ్లాం పిల్లలతో ఊరు విడిచిపోవాల్సిందే అన్నాడు పటేలు.

అంతలో వేములవాడ జాతరలో వింతలు చూపించే హనుమండ్లు, బావమరిది తోలే గూడుబండిలో వచ్చి దిగాడు. బొంబాయి సముద్రంలో దొరికిందంటూ ఒక గాజు జాడీ పటేలు ముందు పెట్టాడు. అందులో ఉప్పునీళ్లు, అడుగున ఇసుక, ఇసుకలో ముచ్చటైన మచ్చల గవ్వతో ఒక నత్త.

"గిది చేపలను తింటది పటేలా. ఇసుకల దాగి, పురుగు లెక్క తొండం ఆడిస్తది. చేప పురుగునే చూసుకుంట దగ్గరికొస్తది. ఇషపు ముల్లుతోని ఒక్క పోటు! మొత్తం మింగి, అరగని పొలుసును తర్వాత కక్కుతది. దొంగ చెయ్యి పెడితే గదే పోటు."

ఇంత తెలివైన జంతువు తన కొలువులో ఉండాల్సింది అనుకున్నాడు పటేలు.

"కాని ఊరంత రావాలె. రాకుండ ఇంట్ల ఉన్నోళ్ల మీదనే అనుమానం," అన్నాడు హనుమండ్లు.

వెంటనే డప్పు చాటింపు వేయించారు. పటేలు భార్య సరోజన మాత్రం గడప దాటలేదు. "అందరం పోతే ఇంటికాడ ఎవలుంటరు?"

"నీకు అక్కల్, బుద్ధి ఉన్నదా? దొంగలందరు నా కండ్ల ముందటనే ఉంటరు. ఇగ దొంగతనం చేసెటోడెవడు?"

సరోజన తలుపు దగ్గరికి వేసి బయల్దేరింది. ఊరంతా చావడి ముందు చేరింది. ఎడ్లకు నీళ్లు తాగించాలని బావమరిది బండి తోలుకుపోయాడు.

రాయమల్లు కళ్లు మూసుకుని జాడీలో చెయ్యి పెట్టాడు. నత్త కదల్లేదు. అతని పెళ్లాం సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ఆ తర్వాత ఒక్కొక్కరుగా ఊరంతా పెట్టింది. చివరికి పటేలు కూడా చిటికెనవేలి కొస ముంచాడు. నత్త ఎవరినీ ఏమీ అనలేదు.

"దొంగ మీ ఊరోడు కాదు పటేలా," అని తీర్పు చెప్పి, హనుమండ్లు తిరిగొచ్చిన బండి ఎక్కాడు. ఈసారి బండికి పరదా దించి ఉంది.

పటేలు ఇంటికి వచ్చేసరికి పెట్టెలన్నీ నోళ్లు తెరిచి ఉన్నాయి. నగలు, పట్టుచీరలు, బిందెలు, చివరికి గోడ గడియారం కూడా లేదు. ఖాళీ ఇంటి నడుమ పోయిన పాన్‌దాన్ ఒక్కటే ఉంది. వెండి పూత గీకి చూసిన చోట లోపలి ఇత్తడి బయటపడింది.

సరోజన దాన్ని చేతిలోకి తీసుకుని మొగుడి వైపు చూసింది.

"గిది అరగనట్టుంది."