వంకాయ రంగు

"తల వంచు నాన్నా! ఇంకా వంచు! నీళ్లన్నీ నా మీదే పడుతున్నాయి."

చిట్టిబాబు సింకులోకి మరి కాస్త వంగాడు. ఆమె షాంపూ సీసాని తలకిందులు చేసి ఆఖరి చుక్క దాకా పిండింది. కసి తీరా రుద్దింది. నురగ వంకాయ రంగులో వచ్చింది, తువ్వాలు వంకాయ రంగులోకి మారింది, ఆమె చేతులూ అదే రంగుకి తిరిగాయి. జుట్టు మాత్రం ఇంకా నిగనిగలాడుతూనే ఉంది. ఇలా కడగడం ఇది ఐదోసారి.

ఆమెది డ్రైక్లీనింగ్ షాపు. ఇంటి ముందుగదిలోనే నడుపుతుంది. సిరా, తుప్పు, గ్రీజు, ఏ మరకైనా సాయంత్రానికల్లా మాయం చేస్తుందని పేరు. అలాంటిది సొంత ఇంట్లో పడ్డ మరక వదలడం లేదు. ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది.

"నిమ్మరసం కూడా అయింది. ఇంక సబ్బుసోడా ఒక్కటే మిగిలింది."

"అది దుప్పట్లకి వాడేది కదమ్మా!" చిట్టిబాబు గబుక్కున తల పైకెత్తాడు.

"దుప్పటికున్న బుద్ధి కూడా నీకు లేకపోయె! రేపు తొమ్మిదింటికి మొదటి క్లాసు. ఈ తలకాయతో వెళ్తావా?"

చిట్టిబాబు మళ్లీ సింకులోకి తల దించాడు. గోడకి చెప్పినా ఇంతకన్నా నయం అనుకుంది ఆమె.

ఆమె బాధ ఆమెది. ఒకసారి మధ్యలో ఆగిపోయిన చదువు ఇది. మళ్లీ మొదలుపెట్టించడానికి ఆమె చెప్పులరిగేలా తిరిగింది. ప్రిన్సిపాల్ గదిలో గంటసేపు నిలబడి, "బుద్ధిగా చదువుకునే మనిషండీ, పూచీ నాది" అని చెప్పి సీటు సంపాదించింది. కొత్త చొక్కాలు తనే కుట్టించింది, తనే ఇస్త్రీ చేసింది. తీరా మొన్న కొత్తవాళ్లందర్నీ ఒక పూట రమ్మంటే వెళ్లి, మొహం వేలాడేసుకుని వచ్చాడు చిట్టిబాబు. సంచీ మూలకి విసిరి, "నాకీ కాలేజీ పడదేమోనమ్మా, మానేస్తా" అన్నాడు. ఏమైందంటే నోరు విప్పలేదు. బతిమాలి, బెదిరించి, నిన్న రాత్రికి ఎలాగో ఒప్పించింది. ఇవాళ పొద్దున జుట్టు కత్తిరించుకొస్తానని వెళ్లి ఈ అవతారంతో దిగాడు.

రేపు క్లాసులో నలుగురూ నవ్వితే ఈసారి చదువు పూర్తిగా అటకెక్కుతుంది.

ఫోన్ మోగింది. అన్నయ్య.

"ఏమంటున్నాడు మన కాలేజీ కుర్రాడు?"

"నువ్వూ మొదలుపెట్టకు అన్నయ్యా."

"నేను ముందే చెప్పాను. ఇప్పుడా చదువులెందుకు, నీ షాపులో కూర్చోబెట్టుకో, చీటీలైనా రాస్తూ ఉంటాడని. నువ్వు వింటేగా! నెత్తిన పెట్టుకున్నావు, అనుభవించు."

ఆమె ఠక్కున ఫోన్ పెట్టేసింది. ఆ కోపం కాస్తా సెలూన్ మీదికి మళ్లింది. వెంటనే అక్కడికి ఫోన్ చేసింది.

"ఏమయ్యా, కాలేజీకి వెళ్లే మనిషికి వంకాయ రంగు వేస్తావా? ఇంట్లో చెప్పారా అని ఒక్క మాట అడగలేకపోయావా?"

"అడిగానండీ. ఇంట్లో చెప్తే పని జరగదన్నారు," అన్నాడు మంగలి తాపీగా. "అయినా రంగు భలే పట్టిందండీ. బ్లీచ్ పెట్టే పని కూడా లేకపోయింది."

"నీ పొగడ్తలు తర్వాత. ఇది పోయే దారి చెప్పు."

"పోదండీ. కావాలంటే పైన నలుపు వేసేస్తాను. అరగంట పని, పంపించండి."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. షాపు తలుపు దగ్గరకి వేసి, చెప్పులు వేసుకుంది. "పద నాన్నా, నలుపు వేస్తాడట."

"నలుపు వద్దమ్మా."

"ఏం? నలుపుకేం వచ్చింది రోగం?"

"నలుపు వేసుకుంటే అబద్ధం చెప్పినట్టుంటుంది."

"ఓహో! వంకాయ రంగు నిజమా?"

"దీన్ని చూసి ఎవరూ నిజమనుకోరు కదా. అందుకే ఇది అబద్ధం కాదు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. చెప్పులు విడిచి, ఇస్త్రీ బల్ల పక్కనున్న స్టూలు మీద కూలబడింది. అంతలోనే కోపం జారిపోయి ఏడుపొచ్చింది.

"నవ్వుతారు నాన్నా. నువ్వు గుమ్మంలో అడుగుపెట్టగానే క్లాసంతా నవ్వుతుంది. నువ్వు ఇంటికొచ్చి మళ్లీ సంచీ మూలకి విసురుతావు. ఈసారి నిన్ను ఒప్పించే ఓపిక నాకు లేదు."

చిట్టిబాబు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. చెవి వెనక నుంచి ఒక వంకాయ రంగు చుక్క చొక్కా మీద పడింది. ఆమె అలవాటుగా దాన్ని బొటనవేలితో తుడవబోయి, విసుగ్గా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నవ్వనీ అమ్మా. నవ్వాలనే వేయించుకున్నాను."

"ఏంటీ?"

"నవ్వినవాళ్లు పలకరిస్తారు. ఏ సెలూనని అడుగుతారు. జరిగి బెంచీ మీద చోటిస్తారు."

"మామూలుగా వెళ్తే ఇవ్వరా ఏం? మొన్న మామూలుగానే వెళ్లావుగా! ఏం జరిగిందో ఇప్పుడైనా చెప్పు."

చిట్టిబాబు తల దించుకుని మెల్లగా అన్నాడు.

"ఆ నెరిసిన తలతో వెళ్తే, మాస్టారనుకుని క్లాసంతా లేచి నిలబడింది తల్లీ."